బత్తాయి తోట గెట్టు మీది పాత కంచెను పీకించాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నాంపల్లి మండలం. నాలుగెకరాల ఎర్ర చెలక ఉంది. పడమటి సగంలో బత్తాయి, మిగతా సగంలో పత్తి, కంది వేస్తాము. పడమర, దక్షిణం గెట్ల మీద మా తాత కాలం నుంచి చెట్ల కంచె ఉంది. కలివి, రేగు, కిత్తనార, సీతాఫలం, ఒక వేప, రెండు తాటి చెట్లు, వాటి మధ్య ఎక్కడబడితే అక్కడ సర్కారు తుమ్మ పెరిగి ఇప్పుడు ఎనిమిది అడుగుల వెడల్పు అయింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి జేసీబీతో మొత్తం పీకించి, కడీలు పాతి ముళ్ల తీగ లాగిద్దామంటున్నాడు. దక్షిణం పక్క చెలక మా చిన్నాయనది. కంచె నీడకు తన పత్తి గిడసబారుతోందని, పాములు వస్తున్నాయని ఆయన ఏటా గొడవ పడుతున్నారు. అడవి పందుల బాధ కూడా ఎక్కువైంది. నాకు తీసేయడానికి మనసు రావడం లేదు. కానీ మనసు సంగతి పక్కన పెట్టి, లెక్క ప్రకారం ఏది మంచిదో చెప్పగలరు.

సమాధానం: మీరు లెక్క అడిగారు కాబట్టి ముందు లెక్కతోనే మొదలుపెడదాం. నాలుగెకరాలు ఇంచుమించు చదరంగా ఉన్నాయనుకుంటే ఒక్కో వైపు సుమారు 417 అడుగులు వస్తుంది. రెండు వైపులా కలిపి 834 అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు అంటే 6,672 చదరపు అడుగులు. గుంటకు 1,089 చదరపు అడుగుల చొప్పున చూస్తే కంచె కింద ఉన్నది దాదాపు ఆరు గుంటలు, అందులోనూ కొంత అవతలి వారి భూమిలోకి పోయి ఉంటుంది. ఈ కంచెను నాలుగు అడుగులకు కుదిస్తే మూడు గుంటలు తిరిగి సాగులోకి వస్తాయి. పూర్తిగా పీకించినా మీకు అదనంగా దక్కేది మరో మూడు గుంటలే, అందులోనూ కడీల పక్కన నాగలి తిరగని జాగా కొంత పోతుంది. మీ అబ్బాయి చెప్పినట్టు చేస్తే కలిసివచ్చే నేల ఇంతే. ఈ కొద్దిపాటి నేల కోసం ఏమేమి వదులుకోవలసి వస్తుందో చూసిన తరువాత నా సలహా ఇది: కంచెను ఉంచండి, కానీ ఇప్పుడున్న రూపంలో ఉంచకండి. సర్కారు తుమ్మను తీసివేసి, వెడల్పు సగానికి తగ్గించి, అడుగు భాగాన్ని చిక్కబరచండి.

పడమటి కంచె విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మన వైపు జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి పడమటి దిక్కు నుంచి ఆగకుండా వీస్తుంది, వాన ముఖం చాటేసిన రోజుల్లో ఆ గాలే ఎర్ర చెలకలోని పదునును రెండు మూడు రోజుల్లో లాగేస్తుంది. మీ బత్తాయి సరిగ్గా ఆ గాలికి ఎదురుగా ఉంది. చెట్ల కంచె తన ఎత్తుకు దాదాపు పది రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. ఏడెనిమిది అడుగుల కంచె అయితే డెబ్బై ఎనభై అడుగుల లోపలి వరకు, అంటే బత్తాయిలో మొదటి మూడు నాలుగు వరుసల దాకా, ఆ మేలు అందుతుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. గాలిని పూర్తిగా ఆపే గోడ కన్నా సగం గాలిని వదిలే కొమ్మల కంచె మేలు చేస్తుంది, ఎందుకంటే గోడను కొట్టిన గాలి పైకెక్కి అవతల సుడి తిరుగుతూ దిగుతుంది. ముళ్ల తీగకైతే గాలిని ఆపే గుణమే లేదు. తీగ లాగిన తరువాత లేత కాయలు ఆకులకు, ముళ్లకు రాసుకుని మచ్చలు పడుతున్నాయని, పిందె రాలుతోందని మీరు మళ్లీ ఉత్తరం రాయవలసి వస్తుంది.

దక్షిణపు గెట్టు మీద మీ చిన్నాయన గారి ఫిర్యాదులో కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నాయి. మనం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాము. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకు మాత్రమే మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరంగా ఉంటాడు, తక్కిన తొమ్మిది నెలలూ దక్షిణంగానే ఉంటాడు. కాబట్టి పత్తి పూతకు, కాయకు వచ్చే రోజుల్లో మీ దక్షిణపు కంచె నీడ ఉత్తరం వైపు, అంటే మీ చేలోకే పడుతుంది గాని ఆయన చేలోకి పడదు. ఆయన పత్తి గిడసబారడానికి కారణం నీడ కాకపోవచ్చు, వేర్లు. సర్కారు తుమ్మ వేరు పక్కలకూ లోతుకూ పోయి, వాన తక్కువైన ఏడు పంట నోటి దగ్గరి నీటిని లాగేస్తుంది. ఆ బాధ ఆయనకు నిజంగా ఉంది, మీకూ ఉంది. కంచెకు రెండు వైపులా, మొదళ్లకు మూడడుగుల దూరంలో, రెండడుగుల లోతు, అడుగు వెడల్పుతో కందకం తీయించండి. పంట వైపు పోయే వేర్లు అక్కడ తెగిపోతాయి. రెండు మూడేళ్లకోసారి ఆ కందకాన్ని మళ్లీ చెక్కిస్తే చాలు. వాలు మీద పారే వాన నీరు కూడా అందులో నిలిచి ఇంకుతుంది. దక్షిణం వైపు వాలు ఉన్న చెలకలో ఈ మేలు చిన్నది కాదు, కంచె అడుగున ఇన్నేళ్లుగా మేట వేసిన మెత్తటి మన్నును ఒకసారి చేతిలోకి తీసుకుని చూస్తే అది మీ చేలోంచే కొట్టుకొచ్చి అక్కడ ఆగిందని తెలుస్తుంది. కంచె లేకుంటే ఆ మన్ను ఈపాటికి ఏ చెరువు పూడికలోనో చేరి ఉండేది.

పాముల మాట కొట్టివేయను. నాగుపాము, రక్తపింజర కంచెలో ఉంటాయి, అవి ఎలుకల కోసం వస్తాయి. అదే కంచెలో ముంగిస, ఉడుము, గుడ్లగూబ కూడా ఉంటాయి, ఎలుకలను అవీ తింటాయి. కంచె తీసినంత మాత్రాన పాము ఊరు విడిచి పోదు, పత్తి కట్టె కుప్పలోనో, బాయి గడ్డ మీది రాళ్ల సందులోనో చేరుతుంది. కంచె రెండు పక్కలా రెండేసి అడుగులు గడ్డి లేకుండా గీకి శుభ్రంగా ఉంచితే పాము అడ్డంగా పోయేటప్పుడు కంటికి కనపడుతుంది. కట్టె కుప్పలు, రాళ్ల కుప్పలు కంచెకు ఆనించి పెట్టకండి. రాత్రి నీళ్లు కట్టడానికి పోయేటప్పుడు బూట్లు, టార్చి లేకుండా పోవద్దని మీ చిన్నాయనకూ చెప్పండి.

ఇక అసలు శత్రువు సర్కారు తుమ్మ. ఇది మన చెట్టు కాదు, అమెరికా ఖండపు ఎండు నేలలది. 19వ శతాబ్దం చివరి పాదంలో వంటచెరకు కోసం, బీడు భూముల కోసం దక్షిణ భారతానికి తెచ్చారు. కాయలను పశువులు, మేకలు తిని పేడలో గింజలు వదులుతాయి, ఆ గింజ మొలవని చోటు లేదు. మీ కంచెలో ఇది ఒకరు నాటితే వచ్చింది కాదు, కలివి, రేగు చచ్చిన సందుల్లో తనంతట తాను దూరింది. అడవి పంది పగలంతా పడుకునేది కూడా ఎక్కువగా ఇలాంటి తుమ్మ పొదల్లోనే. మీ అబ్బాయి కోపం సరైనదే, కానీ ఆ కోపం కంచె మొత్తం మీద కాకుండా ఈ ఒక్క చెట్టు మీద చూపించమనండి.

దీనిని నేలకు సమంగా కొడితే మరుసటి ఏడాదికి ఒక మొదలుకు పది పిలకలు వస్తాయి. మొదలు చుట్టూ తవ్వి, భూమికి అడుగు లోతున వేరు కణుపు కిందికి కొట్టి, ఆ దుంగను బయటికి తీయాలి. వాన పడి నేల మెత్తబడినప్పుడు ఈ పని తేలిక. కాయలు రాలకముందే చేయడం ఇంకా మంచిది. పెద్ద మొదళ్లకు జేసీబీ వాడవచ్చు, కానీ డ్రైవరు పక్కన మీరు నిలబడి ఒక్కో మొదలును చూపించాలి, లేకుంటే బకెట్టు ఒక్క ఊపులో నలభై ఏళ్ల కలివి పొదను కూడా లేపేస్తుంది. కట్టెను బొగ్గు బట్టీల వారు కొంటారు, కూలి ఖర్చులో కొంత అక్కడ తిరిగి వస్తుంది. మొత్తం ఒకే ఏడు తీయకండి. మూడు భాగాలు చేసి మూడేళ్లలో తీస్తూ, తీసిన సందులో ఆ వానాకాలమే కొత్త మొక్క పెడుతూ పోతే గెట్టు ఎన్నడూ బోసిపోదు. వేపను, తాళ్లను మాత్రం ముట్టుకోకండి. ఇలాంటి చెట్లు కొట్టడానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, తాటి చెట్టుకైతే ఎక్సైజు శాఖ అనుమతి కూడా కావాలి, పైగా ఆ తాళ్లను గీసే గౌడన్న ఒకరు ఉండే ఉంటారు.

సందుల్లో ఏమి పెట్టాలన్న విషయంలో కొత్త మొక్కల కోసం నర్సరీల చుట్టూ తిరగనక్కరలేదు, మీ తాత గారి ఎంపికే చాలావరకు సరైనది. కలివికి, దాని పెద్ద కాయ బంధువైన వాక్కాయకు ఎర్ర నేల, రాతి నేల బాగా సరిపోతాయి. ఒకసారి నాటుకుంటే నీళ్లు అడగవు, జంట ముళ్లు గట్టిగా ఉంటాయి, అడుగు నుంచే గుబురుగా వస్తాయి. వాక్కాయ పప్పుకు, పచ్చడికి గిరాకీ ఉంది కాబట్టి బాట పక్కన అమ్ముకోవచ్చు కూడా. రేగును గింజ నుంచే పెంచండి. గచ్చకాయ తీగ ముల్లు పందికి బాగా అడ్డుపడుతుంది. దాని గింజ రాయిలాంటిది, పై పెంకును బండ మీద అరగదీసి రాత్రంతా నానబెట్టి విత్తితేనే త్వరగా మొలుస్తుంది. కిత్తనార పిలకలను కంచె బయటి అంచున వరుసగా నాటండి, అడుగు భాగంలో పంది తల దూర్చే సందు మూసుకుపోతుంది. సీతాఫలానికి ముల్లు లేదు గాని దాని ఆకును మేక ముట్టదు, కొండ రాళ్ల మధ్య బతికే చెట్టు. పాలమూరు వైపు బాలానగర్ సీతాఫలానికి ఉన్న పేరు మీకు తెలిసిందే, గింజలు అక్కడివి సంపాదిస్తే, చెట్టు కాపుకు వచ్చాక ఏటా దసరా నాటికి బుట్టెడు కాయ కూడా చేతికి వస్తుంది. మేకలు ముట్టని మరో మొక్క వావిలి, కొమ్మ పాతితే వేరూనుతుంది, దాని ఆకును గింజల గుమ్ముల్లో వేసే అలవాటు మన పెద్దలకు ఉంది. చివరి వరుసలో, పంట వైపు, అక్కడక్కడా గిరిపుష్పం కొమ్మలు పాతండి, ఏటా కొట్టి బత్తాయి పాదుల్లో పచ్చి ఎరువుగా వేసుకోవచ్చు. తంగేడు ఎలాగూ తానే వస్తుంది, బతుకమ్మ నాడు ఊళ్లో ఆడపిల్లలు కోసుకోవడానికి వదిలేయండి.

పాత నాగజెముడును మళ్లీ తెచ్చి నాటాలని కొందరు సలహా ఇస్తారు. ఒకప్పుడు దక్షిణాదిన అది కంచె దాటి చేలను మింగేస్తే, 1926లో సింహళం నుంచి ఒక పిండినల్లి జాతిని తెప్పించి వదిలి దానిని అదుపు చేయవలసి వచ్చింది. ఆ కథ మళ్లీ మొదలుపెట్టవద్దు. కాడజెముడు కూడా వద్దు, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కంచె నరికే కూలీలకు అది అన్యాయం.

బత్తాయి రైతుగా మీరు కంచెలో తప్పక వెతకవలసినవి రెండు తీగలు. ఒకటి తిప్పతీగ, రెండోది దూసరి తీగ. వానాకాలం చివర కాయ పక్వానికి వచ్చే రోజుల్లో రాత్రిపూట వచ్చి కాయకు సూది మోపినట్టు రంధ్రం చేసి రసం పీల్చే పెద్ద రెక్కల పురుగు మీకు తెలిసే ఉంటుంది, అది కుట్టిన చోట కుళ్లి రెండు మూడు రోజుల్లో కాయ రాలిపోతుంది. ఆ పురుగు పిల్ల దశలో బత్తాయి మీద బతకదు, ఈ రెండు తీగల ఆకుల మీద బతుకుతుంది. తోట లోపల ఎన్ని మందులు కొట్టినా కంచెలో తిప్పతీగ అల్లుకుని ఉంటే ప్రయోజనం సగమే. మీ కంచె మీద నిజంగా మోపదగిన నేరం ఏదైనా ఉంటే అది ఇదే, మీ చిన్నాయన గారికి ఇది తట్టలేదు. జూన్ చివర ఒకసారి, ఆగస్టులో ఒకసారి కంచె వెంట నడిచి ఆ తీగలను వేరుతో లాగించండి. మందుకు పనికివచ్చే తీగ అని తిప్పతీగను ఉంచుకోవాలనిపిస్తే ఇంటి దగ్గర పెంచుకోండి, తోట దగ్గర వద్దు. అలాగే పత్తికి పిండినల్లిని మోసుకొచ్చే తుత్తురబెండ, వయ్యారిభామ కంచె అడుగున పెరగకుండా పూతకు ముందే పీకించాలి. కంచెలో కరివేపాకు, వెలగ, మారేడు నాటకండి. అవి బత్తాయి కుటుంబానివే, దాని పురుగులకు అవి ఆశ్రయమిస్తాయి.

ఈ జాగ్రత్త తీసుకుంటే కంచెలోని తక్కిన ప్రాణులు మీ పక్షాన ఉంటాయి. కంది మీద పచ్చపురుగు పడిన రోజుల్లో కంచె కొమ్మ మీద నుంచి ఎట్రింత పిట్ట ఎన్నిసార్లు చేలోకి దిగి లేస్తుందో చూడండి. పికిలిపిట్టలు, గోరింకలు, కౌజులు అన్నీ పురుగు తినేవే. రేగు, కలివి పూతకు వచ్చే తేనెటీగలు మీ బత్తాయి పూతకూ వస్తాయి.

పందుల గురించి ఒక్క మాట నిక్కచ్చిగా చెప్పాలి. ముళ్ల తీగ పందిని ఆపదు. అది కింది తీగను ముట్టెతో ఎత్తి దూరుతుంది. కంచె కూడా అడుగున చిక్కగా ఉంటేనే ఆపుతుంది, నడుము ఎత్తున గుబురుగా ఉండి కింద బోసిగా ఉన్న కంచె పందికి గుమ్మం లాంటిది. అందుకే పాత కలివి, రేగు పొదలను సంక్రాంతి తరువాత, రేగుపండ్ల కాలం అయిపోయాక, ఉగాది లోపల మోకాలి ఎత్తుకు కొట్టించండి. ఏటా మూడో వంతు చొప్పున కొడితే తొలకరికి అడుగు నుంచి పిలకలు వచ్చి సందు మూస్తాయి. వానాకాలంలో కొట్టకండి, అప్పుడు పిట్టలు గూళ్లు పెడతాయి. ఎప్పుడైనా వేరుశనగ వేస్తే చుట్టూ నాలుగు వరుసలు ముళ్ల కుసుమ వేయండి. తీగకు కరెంటు పెట్టే ఆలోచన ఎవరు చెప్పినా వినవద్దు. అది నేరం, పందికి పెట్టిన తీగకు తెల్లవారి పక్క చేను రైతు బలైన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి.

నాటడం తొలకరితోనే మొదలు కావాలి గాని గుంత ఎండాకాలంలోనే సిద్ధం కావాలి. సందు పొడవునా అడుగున్నర లోతు కాలువ తీసి, పశువుల ఎరువు, పై మన్ను కలిపి నింపి, రెండు వరుసలుగా, ఒక వరుస మొక్క రెండో వరుస సందులోకి వచ్చేట్టు, రెండు మూడడుగుల దూరంలో పెట్టండి. మొదటి ఎండాకాలం మాత్రం పది పదిహేను రోజులకోసారి బత్తాయి డ్రిప్పు నుంచి ఒక పైపు లాగి తడి ఇవ్వాలి. రెండేళ్లు మేకల నుంచి కాపాడాలి, దానికి రేగు కంపను అడ్డుగా వేయండి, సర్కారు తుమ్మ కంప వేస్తే దాని కాయలతో మళ్లీ మొదటికి వస్తుంది.

కంచె నాటి వదిలేస్తే నిలిచేది కాదని చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ప్రభుత్వం ఉప్పు పన్ను ఎగవేతను ఆపడానికి ఉత్తర, మధ్య భారతాల గుండా వందల మైళ్ల పొడవున ముళ్ల కంచె పెంచింది. తరువాత కాంగ్రెసు స్థాపకుల్లో ఒకరైన ఏ.ఓ. హ్యూమ్ కొన్నేళ్లు దానికి పై అధికారి. అందులో వాడినవీ రేగు, తుమ్మ, వాక్కాయ, జెముడు వంటివే. వేల మంది సిబ్బంది నరుకుతూ, సందులు పూడుస్తూ ఉంటేనే అది నిలిచింది, 1879లో ఆ పద్ధతి ఎత్తివేసిన తరువాత అనతికాలంలోనే ఆనవాలు లేకుండా పోయింది. ప్రజలను పీడించడానికి పెంచిన కంచె పోవడం మంచిదే. కానీ పని విషయంలో తేడా లేదు, ఏటా నాలుగైదు కూలి రోజులు కేటాయించలేకపోతే మీ కంచె కూడా పదేళ్లలో మళ్లీ తుమ్మ పొద అవుతుంది. ఆ ఖర్చును ఇప్పుడే లెక్కలో వేసుకోండి. కడీలు కూడా ఊరికే నిలబడవు, తీగ తుప్పు పడుతుంది, దొంగలు కోసుకుపోతారు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటి మిగిలింది. ఎనిమిది అడుగులకు విస్తరించిన కంచెలో హద్దు ఎక్కడుందో ఇప్పుడు మీకూ తెలియదు, మీ చిన్నాయనకూ తెలియదు. ఒక్క మొక్కను ముట్టుకునే ముందు మీసేవలో దరఖాస్తు పెట్టి, మండల సర్వేయరుతో టిప్పన్ (పాత సర్వే కొలతల పటం) ప్రకారం కొలిపించి, ఇద్దరి ఎదుట హద్దు రాళ్లు వేయించండి. కొలతకు ముందు కంచె పీకిస్తే హద్దు జరిపారన్న మాట పడుతుంది, అయినవాళ్ల మధ్య అది తరాలు నడిచే పంచాయితీ. రాళ్లు పడిన తరువాత హద్దుకు అటు రెండు, ఇటు రెండు అడుగులు కంచె ఉంటుందని, కొట్టే ఖర్చు చెరి సగమని, కట్టె, కాయ ఎవరి వైపువి వారివని ఒక కాగితం రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే కంచెను పూర్తిగా మీ వైపుకు జరిపి నాలుగు అడుగుల్లో కొత్తగా పెంచండి. సుమారు ముప్పావు గుంట అదనంగా పోతుంది గాని ఏటేటా మాటలు పడడం తప్పుతుంది.

మీ అబ్బాయి కడీలు కొనాలనుకుంటే అడ్డు చెప్పకండి. కంచె లేని ఉత్తరం, తూర్పు వైపుల పాతించమనండి, అక్కడ అవసరం ఉంది. ఆ తీగ వెంట ఈ వానాకాలమే లోపలి పక్క ఒక వరుస వాక్కాయ పెట్టించండి. తీగ తుప్పు పట్టేనాటికి ఆ మొక్కలు ఎదిగి ఉంటాయి.